ఆటలోకి మన రేగడి నేల

వీడియో ఆటలో మీరు గడ్డపార పట్టుకుని నేల తవ్వుతున్నారనుకోండి. ఒక దిమ్మె ఊడి వస్తుంది. దాని పక్క దిమ్మె కూడా వస్తుంది. ఆ మట్టి రంగు చూడండి. లేత గోధుమ రంగు! పైన పరచుకున్న గడ్డి పచ్చగా, ఏడాది పొడుగునా వాన కురిసే దేశంలో మాదిరిగా ఉంటుంది.

ఇప్పుడు ఆట ఆపి కిటికీలోంచి బయటికి చూడండి. మీది నంద్యాల జిల్లాలోని నందికొట్కూరు అయితే మీ ఊరి చుట్టూ నల్లరేగడి చేలు ఉంటాయి. ఏప్రిల్ ఎండలకు ఆ నేల నెర్రెలు విచ్చి, చేతిలోని పెన్ను జారిపడితే మళ్ళీ దొరకనంత లోతుకు పగులుతుంది. మీ ఇంట్లో కాళ్ళకింద ఉన్నది బేతంచెర్ల నాపరాయి కావచ్చు. ఆటలో మాత్రం వీటి జాడే లేదు. ఎందుకు లేదు? ఆ ఆటకు బొమ్మలు వేసినవారు మన నేలను చూడలేదు. అంతే!

మరి మనమే ఆ బొమ్మలు మార్చివేస్తే? మార్చవచ్చు. పెద్ద పెద్ద యంత్రాలు అక్కరలేదు. ఒక మామూలు కంప్యూటరు, ఫొటో తీసే ఫోను, కాస్త లెక్క, బోలెడంత ఓపిక ఉంటే చాలు.

ఆకారం వేరు, తొడుగు వేరు

మీ దగ్గర ఒక అట్టపెట్టె ఉన్నదనుకోండి. దానిమీద ఇటుకల బొమ్మ ఉన్న కాగితం అంటిస్తే అది గోడ ముక్కలా కనిపిస్తుంది. చెక్క బొమ్మ ఉన్న కాగితం అంటిస్తే చెక్కదిమ్మెలా కనిపిస్తుంది. పెట్టె మాత్రం మారలేదు. మారింది పైనున్న కాగితమే.

వీడియో ఆటలలో జరిగేదీ ఇదే. కంప్యూటరు మొదట ఆకారాన్ని లెక్క కడుతుంది. తరువాత దానిమీద ఒక బొమ్మను పరుస్తుంది. ఆ బొమ్మను టెక్స్‌చర్ అంటారు. మనం దాన్ని ‘తొడుగు’ అని పిలుచుకుందాం. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో ఎడ్విన్ కాట్‌మల్ అనే పరిశోధకుడు 1974లో తన పరిశోధనా గ్రంథంలో ఈ పద్ధతిని చూపించాడు. వంపులు తిరిగిన ఆకారం మీద కూడా బొమ్మను ఎలా పరచాలో అందులో చెప్పాడు. తరువాతి కాలంలో పిక్సర్ అనే యానిమేషన్ సంస్థను స్థాపించినవారిలో ఆయన కూడా ఒకరు.

బొమ్మలో ఏ భాగం ఆకారంలో ఏ చోటికి వెళ్ళాలో కంప్యూటరుకు ఎలా తెలుస్తుంది? దీనికి మన దగ్గరే మంచి ఉదాహరణ ఉన్నది. శ్రీశైలం జలాశయంలో మునిగిపోనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి, ఆలంపురానికి తరలించి మళ్ళీ కట్టారు. ఇలా గుడిని విప్పేటప్పుడు ఒక్కొక్క రాయికి ఒక గుర్తు ఉండాలి. గుర్తు తప్పితే గోడలోని రాయి గడప దగ్గరికి చేరుతుంది! తొడుగుకు కూడా ఇలాంటి గుర్తులే ఉంటాయి. బొమ్మ అడ్డంగా ఎంత దూరం, నిలువుగా ఎంత దూరం అన్న రెండు అంకెలను ఆకారంలోని ప్రతి మూలకూ రాసిపెడతారు. అడ్డం అంకెను ‘యు’ అనీ, నిలువు అంకెను ‘వి’ అనీ అంటారు.

గమనించండి: గుర్తులన్నీ ఆకారానికే ఉన్నాయి, బొమ్మకు లేవు. కనుక అదే పేరుతో మరొక బొమ్మ పెడితే ఆట దాన్నే తీసుకుని, అవే గుర్తుల ప్రకారం పరిచేస్తుంది. మనం చేయబోయే పని అంతా ఈ ఒక్క సంగతి మీదే ఆధారపడి ఉన్నది.

ఏ ఆటలో చేయాలి?

లువాంటి అనే ఉచితమైన ఆటల వేదిక ఒకటి ఉన్నది. ఫిన్లాండుకు చెందిన పెర్టు అహోలా దీన్ని 2010లో మొదలుపెట్టాడు. చాలా ఏళ్ళు దీని పేరు మైన్‌టెస్ట్. 2024లో పేరు మార్చారు. అందులో మైన్‌టెస్ట్ గేమ్ అనే ఆటను దించుకోవచ్చు. లోకమంతా దిమ్మెలే. ఒక్కో దిమ్మె భుజం ఒక మీటరు అని లెక్క. తొడుగు బొమ్మ అడ్డం 16 చుక్కలు, నిలువు 16 చుక్కలు. ఈ చుక్కలనే పిక్సెళ్ళు అంటారు. మొత్తం ఎన్ని? 16 × 16 = 256 చుక్కలు. అంతే!

ఒక్కో చుక్కకు నాలుగు అంకెలు కావాలి. ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అనేవి మూడు. ఆ చుక్క ఎంత పారదర్శకంగా ఉండాలన్నది నాలుగోది. ఒక్కో అంకె 0 నుంచి 255 వరకు ఉంటుంది, ఒక బైటు చోటు తీసుకుంటుంది. కనుక ఒక తొడుగుకు 256 × 4 = 1,024 బైట్లు, అంటే ఒక కిలోబైటు పడుతుంది.

ఇంత చిన్నది ఎందుకు, ఇంకా పెద్ద బొమ్మ పెట్టకూడదా అని మీరు అడగవచ్చు. పెట్టవచ్చు. కాని ఖర్చు చూడండి. భుజం రెట్టింపైతే చోటు నాలుగు రెట్లవుతుంది. 32 చుక్కల బొమ్మకు 4 కిలోబైట్లు, 64కు 16 కిలోబైట్లు, 512కు 1,024 కిలోబైట్లు, అంటే ఒక మెగాబైటు. అలాంటి తొడుగులు మూడు వందలు పెడితే 300 మెగాబైట్లు! పాత ఫోనులోనో, బడిలోని పాత కంప్యూటరులోనో ఆట తడబడడం మొదలుపెడుతుంది. పెద్ద బొమ్మ ఎప్పుడూ మంచి బొమ్మ కాదన్నమాట.

నెర్రెను కొలుద్దాం

ఇప్పుడు అసలు పనికి వద్దాం. ముందుగా ఒక మీటరు స్కేలో, టేపో తీసుకుని చేనిలోకి వెళ్ళండి. చేను ఎవరిదో వారిని అడిగి మరీ వెళ్ళండి. ఒక నెర్రె వెడల్పు కొలవండి. ఆరు సెంటీమీటర్లు వచ్చిందనుకోండి.

దిమ్మె భుజం 100 సెంటీమీటర్లు. దాన్ని 16 చుక్కలకు పంచితే ఒక్కో చుక్కకు 6.25 సెంటీమీటర్లు. కనుక మీ నెర్రె సుమారుగా ఒక్క చుక్క వెడల్పు ఉంటుంది. సరిపోయింది! కాని పక్కనే ఉన్న రెండు సెంటీమీటర్ల సన్నని నెర్రె మాటేమిటి? అది చుక్కలో మూడో వంతుకూడా లేదు. 16 చుక్కల బొమ్మలో దానికి చోటు లేదు. అది కూడా కనబడాలంటే 64 చుక్కల బొమ్మ కావాలి. అప్పుడు ఒక్కో చుక్క 1.56 సెంటీమీటర్లే.

చూశారా! బొమ్మ వేయకముందే, ఏది కనబడుతుంది, ఏది కనబడదు అన్నది టేపు చెప్పేసింది.

ఫొటో తీయడంలో మెలకువ

ఫోనును నేలకు సమాంతరంగా, సరిగ్గా పైనుంచి పట్టుకోండి. ఏటవాలుగా తీస్తే దగ్గరి నెర్రెలు పెద్దవిగా, దూరపువి చిన్నవిగా వస్తాయి. పక్కన స్కేలును పెట్టి తీస్తే తరువాత కొలత తెలుస్తుంది.

మరో ముఖ్యమైన సంగతి నీడ. ఎండలో ఫొటో తీస్తే ప్రతి మట్టిగడ్డ పక్కనా ఒక నల్లని నీడ పడుతుంది. ఆటలో సూర్యుడు వేరే ఉన్నాడు. ఆ సూర్యుడు తూర్పున ఉంటే మీ ఫొటోలోని నీడలు కూడా తూర్పుకే ఉన్నాయనుకోండి, ఎంత తప్పుగా ఉంటుందో ఆలోచించండి. అందుచేత మబ్బు పట్టినప్పుడో, తెల్లవారుజామున ఎండ రాకముందో తీయండి. అదీ కాకపోతే ఇద్దరు మిత్రులు ఒక దుప్పటిని పైన పందిరిలా పట్టుకుంటే సరి.

తరువాత ఫొటోను కంప్యూటరులోకి ఎక్కించండి. గింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో ఒక చదరం కత్తిరించి, దాన్ని 1,024 చుక్కల భుజానికి తెచ్చుకోండి.

అతుకు కనబడకూడదు

ఇక్కడ అందరికీ ఎదురయ్యే చిక్కు ఒకటి ఉన్నది. ఆటలో ఒక్క దిమ్మె ఉండదు, వేల దిమ్మెలు పక్కపక్కనే ఉంటాయి. ఒక దిమ్మె కుడి అంచున నెర్రె ఆగిపోయి, పక్క దిమ్మె ఎడమ అంచున ఇంకెక్కడో మొదలైతే, నేలంతా గళ్ళలుంగీలా కనిపిస్తుంది.

పెడనలో కలంకారీ బట్టలమీద చెక్క అచ్చులతో అద్దకం వేసేవారిది కూడా ఇదే చిక్కు. ఒక అచ్చు గుద్దిన చోటికి ఆనుకుని రెండో అచ్చు గుద్దాలి. తీగ ఎక్కడ ఆగిందో అక్కడే మళ్ళీ మొదలుకావాలి. అందుకే అచ్చు చెక్కేటప్పుడే కుడి అంచు, ఎడమ అంచుతో కలిసేలా చెక్కుతారు.

మనం కూడా అదే చేద్దాం. గింప్‌లో ఆఫ్‌సెట్ అనే పనిముట్టు ఉన్నది. అది బొమ్మను సగం దూరం కుడికి, సగం దూరం కిందికి జరుపుతుంది. కుడివైపు బయటికి పోయిన భాగం ఎడమనుంచి లోపలికి వస్తుంది. కింద పోయినది పైనుంచి వస్తుంది. ఇప్పుడేమైంది? ఇంతకుముందు బయట ఉన్న అంచులు నడిమధ్యకు వచ్చి, అక్కడ కూడిక గుర్తులా ఒక అతుకు కనబడుతుంది. మరి కొత్త అంచుల మాటేమిటి? అవి ఇంతకుముందు బొమ్మ నడుమ పక్కపక్కనే ఉన్న చుక్కలు. కనుక వాటిని ఎన్నిసార్లు పక్కపక్కన పెట్టినా చక్కగా కలుస్తాయి!

ఇక మిగిలిన పని ఆ నడుమ అతుకును మాన్పడమే. క్లోన్ అనే పనిముట్టుతో పక్కనున్న మట్టిని తెచ్చి అతుకు మీద పూయాలి. తెగిన నెర్రెలను కలపాలి. అంచులను మాత్రం ముట్టుకోకండి. ముట్టుకుంటే మొదటికే మోసం వస్తుంది.

మరొక జాగ్రత్త. బొమ్మలో ఒక తెల్లని గులకరాయి ఉన్నదనుకోండి. ఒక్క దిమ్మెలో అది ముచ్చటగా ఉంటుంది. వంద దిమ్మెలలో వంద గులకరాళ్ళు వరుసగా, మీటరుకొకటి చొప్పున బారులు తీరితే? కన్ను వెంటనే పట్టేస్తుంది. అందుచేత ప్రత్యేకంగా కనిపించే ప్రతి గుర్తునూ తీసివేయాలి.

ఫొటో ఓడిపోయే చోటు

ఇప్పుడు 1,024 చుక్కల బొమ్మను 16కు కుదించండి. ఏమి వచ్చింది? బూడిద రంగు ముద్ద! నెర్రెలన్నీ మాయం.

కారణం చెబుతాను. 1,024ను 16తో భాగిస్తే 64. అంటే కొత్త బొమ్మలోని ఒక్కో చుక్క, పాత బొమ్మలోని 64 × 64 = 4,096 చుక్కల సగటు. నల్లని నెర్రె, చుట్టూ ఉన్న మట్టి, అన్నీ కలిసిపోయి ఒకే రంగు అయిపోయాయి. పాయసంలో ఉప్పురాయి కరిగినట్లే.

ఇక్కడ కంప్యూటరు మనకు సాయం చేయదు. మన కన్నే చేయాలి. ఫొటోను పక్కన పెట్టుకుని 256 గడులను చేత్తో నింపాలి. రంగులు అయిదారు చాలు. రేగడి నిజంగా నల్లగా ఉంటుందా? ఫొటోలో ఒక చుక్క రంగు కొలిచి చూడండి. ఎరుపు 0, ఆకుపచ్చ 0, నీలం 0 అయితేనే అది పూర్తి నలుపు. ఎండిన రేగడిలో మూడూ చాలా ఎక్కువే ఉంటాయి, ఎరుపు మిగతా రెండింటికన్నా కొంచెం ముందుంటుంది. అసలైన నలుపు నెర్రె లోపల మాత్రమే ఉన్నది. మనం పుట్టినప్పటినుంచి ‘నల్ల’ రేగడి అంటున్న నేల ముదురు బూడిద, గోధుమ రంగుల కలయిక అన్నమాట!

నెర్రెల తీరు కూడా చూడండి. అవి అడ్డదిడ్డంగా పోవు. నేలను పలకలుగా కోస్తాయి. ఈ మట్టిలో మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకమన్ను జాతి ఖనిజం ఉంటుంది. దాని పొరల మధ్యకు నీరు చేరితే మట్టి ఉబ్బుతుంది. ఎండితే కుంచించుకుపోతుంది. అన్ని వైపులనుంచీ ఒకేసారి లాగినట్లయి పలకలుగా చీలుతుంది. ఒక నెర్రె మరొకదాన్ని కలిసే చోట మూడు దారుల కూడలి ఏర్పడడం మీరు చాలాచోట్ల చూడవచ్చు. మీ 16 గడుల బొమ్మలో అలాంటి కూడలి ఒక్కటి సరిగా పడితే చాలు, చూసినవారు ‘ఇది రేగడి!’ అంటారు. అది లేకుండా నల్లగీతలు వందగీసినా అనరు.

దూరానికి మరో బొమ్మ

బస్సులో పోతూ చేలను చూడండి. దగ్గర చాళ్ళు విడివిడిగా కనబడతాయి. దూరాన అవన్నీ కలిసి ఒకే రంగు పరచినట్లు ఉంటాయి. కంప్యూటరు కూడా అలా చేయకపోతే, దూరపు దిమ్మెల మీది గీతలు మిణుకుమిణుకుమంటూ కళ్ళను బాధపెడతాయి. దీనికి 1983లో లాన్స్ విలియమ్స్ ఒక ఉపాయం చెప్పాడు. ఒకే బొమ్మకు సగం, సగంలో సగం చొప్పున చిన్న నకళ్ళు ముందే తయారుచేసి పెట్టుకోవడం! 16, 8, 4, 2, చివరికి ఒక్క చుక్క. దూరాన్నిబట్టి తగిన నకలు వాడతారు. వీటిని మిప్‌మ్యాప్‌లు అంటారు. ఇందువల్ల పెరిగే చోటు మూడో వంతు మాత్రమే. ¼ + ¹⁄₁₆ + ¹⁄₆₄ ... ఇలా కలుపుకుంటూ పోతే ⅓కు చేరువవుతుంది. మీ లెక్కల మాస్టారిని అడగండి.

బొమ్మ భుజం 16, 32, 64 వంటి అంకెలలో ఉండడం ఎందుకు మేలో ఇప్పుడు తెలిసిందా? ఎన్నిసార్లు సగం చేసినా శేషం మిగలదు.

ఆటలో పెట్టడం

బొమ్మను పి.ఎన్.జి. అనే రకంగా దాచండి. పేరు మాత్రం పాత తొడుగు పేరే ఉండాలి. మట్టి తొడుగుకైతే డిఫాల్ట్, డర్ట్ అనే రెండు ఇంగ్లీషు మాటలను చిన్న అక్షరాలలో రాసి, మధ్య కింది గీత పెట్టాలి. రాతికైతే డర్ట్ బదులు స్టోన్. ఒక్క అక్షరం తప్పినా ఆట మీ బొమ్మను పట్టించుకోదు, పాతదాన్నే చూపిస్తుంది.

లువాంటి దస్త్రాలలో టెక్స్‌చర్స్ అనే సంచీ ఉంటుంది. అందులో మీ ఊరి పేరుతో కొత్త సంచీ తెరిచి, బొమ్మలను అందులో వేయండి. ఆట మొదటి తెరలో కంటెంట్ అనే చోటికి వెళ్ళి మీ సంచీని ఎంచుకోండి. ఇక లోపలికి వెళ్ళి నేల తవ్వండి!

పాత బొమ్మలు చెరిగిపోలేదు. మీ సంచీని వద్దంటే అవి మళ్ళీ వస్తాయి. కనుక భయపడకుండా ఎన్నిసార్లయినా తప్పులు చేయవచ్చు.

ఇంకేమి చేయవచ్చు?

నాపరాయి వేయండి. మీ ఇంటి బండను కొలవండి. రెండడుగుల బండ అయితే సుమారు 61 సెంటీమీటర్లు. ఒక మీటరు దిమ్మెలో ఎన్ని పడతాయి? ఒకటిన్నర పైచిలుకు! అలా వేస్తే ప్రతి దిమ్మె దగ్గరా బండ విరుగుతుంది. కనుక 50 సెంటీమీటర్లు అనుకుని, దిమ్మెకు నాలుగు బండలు వేయాలి. అతుకు కుదరడం కోసం చిన్న అబద్ధం ఆడవలసిందే.

గడ్డి వేయండి. బట్టమేక పిట్టను కాపాడడానికి 1988లో ఏర్పాటు చేసిన రోళ్ళపాడు అభయారణ్యం నందికొట్కూరుకు దూరం కాదు. అక్కడి గడ్డి ఏడాదిలో ఎక్కువకాలం పండిన గోధుమ రంగులో ఉంటుంది. ఆ పిట్ట వీపు రంగు కూడా అలాంటిదే. కదలకుండా నిలబడితే గడ్డిలో కలిసిపోతుంది. ఆటలోని పచ్చ గడ్డి మీద ఆ పిట్టను నిలబెడితే దూరాన్నుంచే దొరికిపోతుంది. తొడుగు రంగు ఒక ప్రాణికి ఎంత ముఖ్యమో ఆలోచించండి.

సంగమేశ్వరం గుడి గోడ వేయండి. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు ఆ గుడి నీట మునుగుతుంది. ఎండాకాలంలో నీరు తగ్గితే బయటపడుతుంది. ఏటా నీటిలో నానే రాయి ఒకేలా ఉండిపోదు. ఈ ఏడు మీరు తీసిన ఫొటో పదేళ్ళ తరువాత మళ్ళీ తీయడానికి వీలుపడకపోవచ్చు. ఆటకోసం తీసినదే అయినా తేదీ వేసి దాచుకోండి. పెద్దలు తోడు లేకుండా మాత్రం నీటి దగ్గరికి వెళ్ళవద్దు.

ఇతరులు వేసిన బొమ్మను తీసుకుని మీ పేరు పెట్టుకోకండి. కొన్ని బొమ్మలను మార్చి వాడుకోవడానికి వాటి కర్తలు అనుమతి ఇస్తారు. అప్పుడు కూడా వారి పేరు చెప్పాలి. మీ చేనిలో మీరే తీసి, మీరే గీసిన బొమ్మకు ఆ చిక్కు లేదు.

చివరగా ఒక మాట. మీ తొడుగు వేసిన తరువాత ఆటలో వాన కురిపించి చూసినా ఆ నేల ఉబ్బదు, కాలికి అంటుకోదు, ఎండకు కొత్త నెర్రె విచ్చదు. రంగు రేగడిదే, గుణం పాత మట్టిదే. గుణం కూడా మార్చాలంటే లువా అనే భాషలో ఆటకు కొత్త నియమాలు రాయాలి. అది పై మెట్టు.

కంప్యూటరు లేకపోయినా...

గ్రాఫ్ కాగితం మీద 16 × 16 గడుల చదరం గీయండి. రంగు పెన్సిళ్ళతో రేగడి నేల వేయండి. తరువాత దాన్ని సరిగ్గా నడుమ నిలువునా, అడ్డంగా కత్తిరిస్తే 8 × 8 గడుల ముక్కలు నాలుగు వస్తాయి. పై ఎడమ ముక్కను కింది కుడికి, పై కుడి ముక్కను కింది ఎడమకు మార్చి అంటించండి. నడుమ అతుకు కనబడుతుంది. దాన్ని సరిచేయండి. ఆ బొమ్మకు మరో మూడు నకళ్ళు గీసి, నాలుగింటినీ పక్కపక్కన పెట్టండి.

ఎక్కడ ఒకటి అయిపోయి రెండోది మొదలైందో చెప్పమని మీ చెల్లెలినో, తమ్ముడినో అడగండి. చెప్పలేకపోతే మీరు గెలిచినట్లే. వేలు పెట్టి చూపించేస్తే ఆ చోట ఏ గడి మోసం చేసిందో వెతికి, మళ్ళీ గీయండి.